తిరుపతిలో నగల మీద అప్పు: ప్రపంచ మార్కెట్లు కూలే వేళ ఏ కౌంటరు నమ్మదగ్గది?

తిరుపతిలో బంగారం పెట్టుకుని అప్పిచ్చే కౌంటర్లు మూడు రకాలు: బ్యాంకు శాఖలు, బంగారు రుణాల కంపెనీలు, కుదువ అంగళ్ళు. కంపెనీల బోర్డుల మీద పెద్దక్షరాలతో కనిపించేది గ్రాముకు ఎంత ఇస్తారన్న అంకె. లోపలికి పోయినవాళ్ళు ముందుగా అడిగేదీ దాన్నే. ఈ సమీక్షలో మాత్రం ఆ అంకెది ఆఖరి స్థానం. గ్రాముకు అందరికంటే ఎక్కువ ఇచ్చే కౌంటరులోనే, ధర తిరగబడితే నగ వేలానికి పోయే ప్రమాదం కూడా ఎక్కువ. అది అర్థం కావాలంటే 2008కి వెళ్ళాలి.

అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ 2003 జూన్ నుంచి ఏడాది పాటు వడ్డీ రేటును 1 శాతం దగ్గర ఉంచింది. అప్పు చవకగా దొరికేసరికి ఇళ్ళ ధరలు ఎగిశాయి. ధరలు ఎప్పటికీ పెరుగుతూనే ఉంటాయన్న నమ్మకంతో, తీర్చే శక్తి ఉందో లేదో చూడకుండా, ఇంటి విలువలో 95 శాతం, ఒక్కోచోట 100 శాతం అప్పులిచ్చారు. ఆ అప్పులన్నిటినీ కలిపి బాండ్లుగా మార్చి ప్రపంచమంతా అమ్మారు. రేటింగ్ సంస్థలు వాటిలో చాలావాటికి అత్యుత్తమ రేటింగు వేశాయి. 2006లో ఇళ్ళ ధరలు దిగడం మొదలై, తర్వాతి ఐదారేళ్ళలో దేశం మొత్తం మీద సగటున నాలుగో వంతుకు పైగా పడిపోయాయి. ఇల్లు అమ్మినా అప్పు తీరని పరిస్థితి వచ్చింది. సొంత పెట్టుబడి ఒక డాలరుకు 30 డాలర్ల దాకా ఆస్తులు మోస్తున్న అక్కడి పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ 2008 సెప్టెంబరు 15న దివాలా పిటిషన్ వేసింది. ఎవరి దగ్గర ఎంత చెత్త ఉందో తెలియక బ్యాంకులు ఒకదానికొకటి అప్పివ్వడం మానేశాయి. సరుకు ఓడల్లోకి ఎక్కడం తగ్గింది, ఫ్యాక్టరీలు షిఫ్టులు కోసేశాయి. 2009లో ప్రపంచ ఉత్పత్తి, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తొలిసారిగా, పెరగకపోగా తగ్గింది.

ఇంత పెద్ద పతనంలో తిరుపతి నగల అప్పుకు నేరుగా తగిలే అంకె ఒక్కటే. తాకట్టు వస్తువు విలువలో ఎన్నో వంతు అప్పుగా ఇచ్చారన్నది. రుణపత్రం మీద ఎల్‌టీవీ అని అచ్చయ్యేది అదే. అమెరికాలో ఇల్లు, ఇక్కడ గొలుసు. వస్తువు వేరైనా, ధర పడదన్న నమ్మకం మీద అంచుదాకా ఇచ్చిన అప్పు రెండుచోట్లా ఒకే తీరున విరుగుతుంది.

"బంగారం అలా పడదు, కష్టకాలంలో పెరుగుతుంది" అన్న మాట మనవైపు గట్టిగా వినిపిస్తుంది. దీర్ఘకాలానికి అది చాలావరకు నిజం. కానీ సంక్షోభం ముదిరిన మొదటి వారాల్లో నిజం కాదు. షేర్లలో, బాండ్లలో నష్టపోయిన పెద్ద ఫండ్లకు వెంటనే డాలర్లు కావాలి. అప్పుడు తేలిగ్గా అమ్ముడుపోయే బంగారాన్నే ముందు అమ్ముతారు. 2008 మార్చిలో ఔన్సు 1,000 డాలర్లు తాకిన బంగారం అదే ఏడాది అక్టోబరు, నవంబరు నాటికి 700 డాలర్ల దగ్గరికి దిగింది. 2020 మార్చిలోనూ రెండు వారాల్లోపే 1,680 నుంచి 1,470 డాలర్ల దాకా జారింది. తర్వాతే పైకి లేచి ఆగస్టులో 2,000 దాటింది.

2008లో మన నగలను కాపాడింది రూపాయి పతనం. ఔన్సు అంటే 31.1 గ్రాములు. 1,000 డాలర్ల ధర, డాలరుకు 40 రూపాయలు ఉన్నప్పుడు 10 గ్రాములు సుమారు రూ.12,860 అవుతుంది. 720 డాలర్ల ధర, డాలరుకు 50 రూపాయలు అయితే సుమారు రూ.11,575. డాలర్లలో 28 శాతం పడ్డ ధర రూపాయల్లో 10 శాతమే పడింది. ఈ రక్షణ ప్రతిసారీ దొరుకుతుందని నమ్మకూడదు. దానికి తోడు దిగుమతి సుంకం ఒకటుంది. 2024 జులై 23న కేంద్ర బడ్జెట్ సుంకాన్ని 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించింది. ఆ ఒక్క రోజులోనే 10 గ్రాములకు నాలుగు వేల రూపాయల దాకా పడింది. ప్రపంచంలో ఏ సంక్షోభమూ లేకుండానే కుదువలో ఉన్న ప్రతి నగ విలువా తగ్గిపోయింది.

2020 ఆగస్టు సంగతి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ ఊరికి అది గట్టిగా తగిలింది. మార్చి 20న తిరుమలలో భక్తుల దర్శనాలు ఆగాయి. జూన్ 11న గానీ సామాన్య భక్తులకు మళ్ళీ మొదలు కాలేదు, అదీ చాలా పరిమిత సంఖ్యలో. టాక్సీలు, లాడ్జీలు, హోటళ్ళు, పూల అంగళ్ళు, ఆటోలు అన్నిటికీ ఆదాయం ఆ కొండ మీదికి పోయే జనం నుంచే. అలాంటి సమయంలో ఆగస్టు 6న రిజర్వ్ బ్యాంకు, వ్యవసాయేతర అవసరాలకు బ్యాంకులిచ్చే నగల అప్పు పరిమితిని 75 నుంచి 90 శాతానికి పెంచింది. గడువు 2021 మార్చి 31. జనానికి చేతిలో దుడ్లు ఆడాలన్న మంచి ఉద్దేశమే అది. కానీ మరుసటి రోజే, ఆగస్టు 7న, బంగారం 10 గ్రాములు రూ.56,000 దాటి అప్పటి గరిష్ఠాన్ని తాకింది. 2021 మార్చి చివరికి రూ.44,000 దగ్గరికి వచ్చింది.

ఆ గరిష్ఠం దగ్గర 90 శాతం తీసుకుంటే అప్పు రూ.50,400. ఏడెనిమిది నెలల వడ్డీ కలిపితే రూ.53,000 దగ్గర. నగ విలువ రూ.44,000. 75 శాతం తీసుకున్నవాళ్ళ అప్పు రూ.42,000, వడ్డీతో సుమారు రూ.44,000; సరిగ్గా అంచు మీద నిలబడ్డారు. 60 శాతం దగ్గరే ఆగినవాళ్ళకు వడ్డీతో సహా రూ.35,000 చిల్లర, వాళ్ళ నగకు ఏ ఢోకా లేదు. నియమం ఎంత అనుమతించినా, కౌంటరులో ఎంత ఇస్తామన్నా, 60 శాతం దగ్గర ఆగమని ఈ సమీక్ష గట్టిగా చెప్పడానికి కారణం ఈ లెక్కే.

ఇక ఒక్కో కౌంటరు సంగతి.

బ్యాంకు శాఖలు. వడ్డీలో వీటిని కొట్టేవాళ్ళు లేరు. ఏడాదికి సాధారణంగా 9, 10 శాతం చుట్టూ ఉంటుంది. లోపం వేగం. నగ బరువు, స్వచ్ఛత చూసి విలువ కట్టే అప్రైజరు అన్ని శాఖల్లో రోజంతా ఉండడు, కొన్నిచోట్ల కొన్ని గంటలే వస్తాడు. ఏ సమయంలో ఉంటాడో కనుక్కుని, ఆధార్, పాన్, పాస్‌బుక్ పట్టుకుని ఉదయం పోతే పని ఒక పూటలో అవుతుంది. అప్రైజర్ ఫీజు, ప్రాసెసింగ్ రుసుము, వాటి మీద జీఎస్టీ విడిగా పడతాయి. చిన్న అప్పుకు ఇవి లెక్కలోకి వస్తాయి కాబట్టి ముందే మొత్తం అడగాలి. మూడు నెలలు దాటి డబ్బు అవసరమైతే నిస్సందేహంగా బ్యాంకే.

బంగారు రుణాల కంపెనీలు. అరగంటలో ఖాతాలో డబ్బు పడుతుంది, సాయంత్రం కూడా తెరిచి ఉంటాయి, సిబ్బంది మర్యాదగా మాట్లాడతారు. రూ.20,000 మించి నగదు చేతికివ్వరు, మిగతాది ఖాతాకే వేస్తారు. ఇది రూలు, వాళ్ళ మొండితనం కాదు. చూసుకోవాల్సింది వడ్డీ మెట్లు. బోర్డు మీది తక్కువ వడ్డీ, మొదటి నెలలోనో మూడు నెలల్లోపో కట్టేవాళ్ళకు ఇచ్చే రాయితీ రేటు. గడువు తప్పితే రాయితీ పోయి మెట్టు మెట్టుకూ వడ్డీ ఎక్కుతుంది, కొన్ని స్కీముల్లో 24 శాతం దగ్గరికి పోతుంది. గ్రాముకు ఎక్కువ ఇచ్చే స్కీముకే సాధారణంగా వడ్డీ ఎక్కువ. కాబట్టి "90వ రోజున మొత్తం ఎంత కట్టాలి? 365వ రోజున ఎంత?" అని రెండు అంకెలు కాగితం మీద రాయించుకోవాలి. నోటిమాట చెప్పి ఊరుకునే శాఖలో నగ పెట్టకండి.

2013 ఏప్రిల్‌లో ఈ కంపెనీల బలహీనత బయటపడింది. 12, 15 తేదీల్లో, రెండు పని దినాల్లోనే, అంతర్జాతీయ ధర 13 శాతం దాకా కూలింది. 2012 మార్చిలో రిజర్వ్ బ్యాంకు కంపెనీల పరిమితిని 60 శాతానికి కట్టేసి ఉండకపోతే దెబ్బ ఇంకా పెద్దదయ్యేది. అంతకు ముందు ఎక్కువ శాతానికి ఇచ్చిన పాత అప్పుల్లో మాత్రం, నగ వదిలేయడమే లాభమని జనం వదిలేసిన పరిస్థితి వచ్చింది. కానీ అదే ఏడాది ఆగస్టు 28న డాలరు రూ.68 దాటేసరికి దేశీయ ధర 10 గ్రాములకు రూ.33,000 పైకి పోయింది. ఏప్రిల్, మే నెలల్లో నగ వదిలేసినవాళ్ళు, వడ్డీ మాత్రం కట్టి నాలుగు నెలలు నిలబెట్టుకోగలిగి ఉంటే నగ మిగిలేది. పరిమితి 2014 జనవరిలో మళ్ళీ 75 శాతానికి వచ్చింది.

కుదువ అంగళ్ళు. కమ్మల జతకు నాలుగు వేలు కావాలన్నా ఇస్తారు, వెండి పట్టీలు కూడా తీసుకుంటారు, కాగితాలు పెద్దగా అడగరు. అందుకే ఇవి నిలిచి ఉన్నాయి. వడ్డీ నూటికి రూపాయిన్నర అంటే ఏడాదికి 18 శాతం, రెండు రూపాయలంటే 24, మూడు రూపాయలంటే 36. చట్టం ప్రకారం కుదువ వ్యాపారికి లైసెన్సు ఉండాలి, ప్రతి కుదువకూ చీటీ ఇవ్వాలి. లైసెన్సు గోడ మీద కనిపించని అంగడిలో, చీటీ మీద నికర బరువు రాయని అంగడిలో తాళిబొట్టు గొలుసు పెట్టడం ప్రమాదం. రిజర్వ్ బ్యాంకు నియమాలు వీళ్ళకు వర్తించవు. వ్యాపారి ఆ నగను తన పేరు మీద ఇంకోచోట కుదువ పెడితే తిరిగి రాబట్టుకోవడానికి పోలీస్ స్టేషన్, కోర్టు తప్ప దారి ఉండదు. ఒక నెలకు, చిన్న మొత్తానికి సరే. అంతకు మించి వద్దు.

బ్యాంకులకూ కంపెనీలకూ కలిపి రిజర్వ్ బ్యాంకు 2025 జూన్‌లో కొత్త నియమాలు తెచ్చింది. 2026 ఏప్రిల్ 1 లోపు అమలు కావాల్సినవి. ఇంటి అవసరాల అప్పు రూ.2.5 లక్షల దాకా అయితే నగ విలువలో 85 శాతం, రూ.2.5 లక్షలు దాటి రూ.5 లక్షల దాకా 80 శాతం, ఆపైన 75 శాతం. అసలు, వడ్డీ అంతా ఏడాది చివర ఒకేసారి కట్టే పద్ధతిలో, చివరికి కట్టాల్సిన మొత్తాన్ని ఈ శాతంతో పోల్చాలి. దీని అర్థం చాలామందికి ఇంకా ఎక్కలేదు కాబట్టి లెక్క చూద్దాం.

గొలుసు బరువు 40 గ్రాములు, రాళ్ళు, లక్క తీసేస్తే నికరం 38 గ్రాములు అనుకుందాం. లెక్క సులువు కోసం 22 క్యారెట్ల గ్రాము ధర రూ.10,000 పెట్టుకుంటే విలువ రూ.3,80,000. 80 శాతం అంటే రూ.3,04,000. ఏడాది తర్వాత ఒకేసారి కట్టే పద్ధతిలో, 9 శాతం వడ్డీ తీసుకునే బ్యాంకు ఇవ్వగలిగేది సుమారు రూ.2,78,900. 18 శాతం తీసుకునే కంపెనీ ఇవ్వగలిగేది సుమారు రూ.2,57,600. వడ్డీ ఎక్కువైనకొద్దీ చేతికొచ్చేది తగ్గుతుంది. ఇన్నాళ్ళూ బోర్డుల మీద నడిచిన పోటీ ఇక్కడ తలకిందులైంది. నెలనెలా వడ్డీ కట్టే పద్ధతిలో ఈ కోత ఉండదు. 60 శాతం దగ్గర ఆగితే రూ.2,28,000; మూడు లక్షలు కావాలంటే ఇంకో నగ తోడు పెట్టి శాతం తగ్గించడం మంచిది, ఒకే గొలుసును అంచుదాకా లాగకూడదు.

విలువ కట్టే ధర నగల అంగడి బోర్డు ధర కంటే తక్కువగా ఉందని కౌంటరులో గొడవ పడేవాళ్ళుంటారు. గత 30 రోజుల ముగింపు ధరల సగటు, నిన్నటి ముగింపు ధర, ఈ రెంటిలో ఏది తక్కువైతే అదే తీసుకోవాలన్నది నియమం. ధర దూసుకుపోతున్నప్పుడు 30 రోజుల సగటు వెనకబడి ఉంటుంది. తయారీ కూలీ, తరుగు, రాళ్ళ ఖరీదు లెక్కలోకి రావు. బిస్కెట్ల మీద అప్పు రాదు. నాణేలైతే 50 గ్రాముల దాకా.

అప్రైజరు బల్ల దగ్గర నాలుగు విషయాలు దగ్గరుండి చూడాలి. తూకం కాటా సున్నా చూపిస్తోందా; గీటురాయి మీద గీసి ఆమ్లం చుక్క వేసినప్పుడు మీ కళ్ళ ముందే వేశారా; రాళ్ళకూ లక్కకూ ఎన్ని గ్రాములు తగ్గించారు, ఎందుకు తగ్గించారు; మొత్తం బరువు, నికర బరువు, స్వచ్ఛత, విలువ నాలుగూ ఉన్న సర్టిఫికెట్ చేతికిచ్చారా. నల్లపూసలు, ముత్యాల హారాల్లో తగ్గింపు ఎక్కువ, అంచనాలో తేడాలూ ఎక్కువ. వీలైతే వాటిని ఇంట్లోనే ఉంచి, రాళ్ళు లేని గాజులు, గొలుసులు పెట్టడం మేలు. కొత్త హాల్‌మార్క్ వేసిన నగ మీద అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు స్థానాల కోడ్ ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే స్వచ్ఛత తెలుస్తుంది. 916 ముద్ర ఉన్న నగను 20 క్యారెట్లని రాస్తే అక్కడే అడగాలి, సంతకం పెట్టాక అడిగి లాభం లేదు.

చిత్తూరు వైపు మామిడి రైతులకు వేరే మాట. తోతాపురి గుజ్జు గల్ఫ్‌కూ ఐరోపాకూ పోతుంది. అక్కడ మాంద్యం వస్తే ఆర్డర్లు తగ్గుతాయి, గుజ్జు డ్రమ్ముల్లోనే మిగులుతుంది, మరుసటి సీజన్లో ఫ్యాక్టరీలు కాయ కొనడానికి వెనకాడతాయి. 2025లో నిల్వలు మిగిలాయని ఫ్యాక్టరీలు వెనక్కి తగ్గితే, కిలోకు ఫ్యాక్టరీ రూ.8, రాష్ట్ర ప్రభుత్వం రూ.4 కలిపి రూ.12 వచ్చేలా నిర్ణయించాల్సి వచ్చింది. కాయ జూన్, జులైలో దిగినా డబ్బు చేతికి రావడానికి నెలలు పడుతుంది. పైర్ల మందులకు జులైలో తీసుకున్న ఏడాది అప్పు మరుసటి జులైలోనే తీరాలంటే అప్పటికి చేతిలో కాయ తప్ప దుడ్లు ఉండవు. గడువు తేదీ అక్టోబరు, నవంబరులో పడేలా అప్పు తీసుకోవాలి. అసలు నగ తీయకముందే బ్యాంకులో పంట రుణం అడగాలి: 2025 జనవరి 1 నుంచి రూ.2 లక్షల దాకా వ్యవసాయ రుణానికి తాకట్టు అక్కర్లేదు. కిసాన్ క్రెడిట్ కార్డు కింద రూ.3 లక్షల దాకా పంట రుణం సకాలంలో కడితే 4 శాతం వడ్డీయే పడుతుంది. ఈ దారి ఉండగా నూటికి రెండు రూపాయల వడ్డీకి పోయిన కుటుంబాలను చూస్తే బాధ కలుగుతుంది.

అప్పు తీసుకునే రోజే చేయాల్సిన పని ఒకటుంది. ఎనిమిది నగలుంటే అన్నీ ఒకే ఖాతాలో కలిపి పెట్టకుండా, మూడు నాలుగు విడి ఖాతాలుగా పెట్టమని అడగాలి. చేతికి కొంత డబ్బు వచ్చినప్పుడు ఒక ఖాతా మూసి ఆ నగ ఇంటికి తెచ్చుకోవచ్చు. అన్నీ ఒకే చీటీలో ఉంటే, సగం డబ్బు కట్టినా ఒక్క గాజు కూడా విడిపించుకోవడానికి కొన్నిచోట్ల ఒప్పుకోరు.

ధర పడి, అప్పు పరిమితి దాటిన తేడా సొమ్ము కట్టమని మెసేజ్ వచ్చినప్పుడు మొదట వడ్డీ బకాయి తీర్చేయాలి. ధర తగ్గడం వల్ల వచ్చిన తేడాను, పేరుకుపోయిన వడ్డీ ఇంకా పెంచుతుంది. పునరుద్ధరణకు, అంటే అదే నగ మీద అప్పును మళ్ళీ కొత్తగా రాయించుకోవడానికి పోయినా, పాత వడ్డీ కట్టి, అప్పు పరిమితిలోకి వస్తేనే ఇస్తారు. చేతిలో ఏమీ లేకపోతే ఒక చిన్న నగను బయట అమ్మి మిగతావి నిలుపుకోవడం, అన్నీ వేలానికి వదిలేయడం కంటే లాభం. వేలంలో తొలి కనీస ధర అప్పటి విలువలో 90 శాతం, రెండుసార్లు ఎవరూ కొనకపోతే 85 శాతం దాకా దించవచ్చు. బయట నగల అంగడిలో కరిగించే ధరకు అమ్మినా సాధారణంగా అంతకంటే ఎక్కువే దొరుకుతుంది.

వేలం దాకా పోతే నోటీసు మీ చేతికి అందాలి. రెండు పత్రికల్లో ప్రకటన రావాలి, అందులో ఒకటి స్థానిక భాషది. మొదటి వేలం అప్పిచ్చిన శాఖ ఉన్న జిల్లాలోనే జరగాలి. తిరుపతి శాఖలో పెట్టిన నగకు మొదటి వేలం వేరే రాష్ట్రంలో పెడితే లిఖితపూర్వకంగా ప్రశ్నించవచ్చు. అప్పు పోగా మిగిలిన సొమ్ము ఏడు పని దినాల్లో మీకు తిరిగి ఇవ్వాలి. చిరునామా, ఫోన్ నంబరు మారితే ఆ రోజే శాఖలో రాయించండి, పాత అద్దె ఇంటికి పోయిన నోటీసు కూడా చాలా సందర్భాల్లో అందినట్టే లెక్కవుతుంది.

మొత్తం కట్టేసిన రోజున నగ అదే రోజు, లేదంటే గరిష్ఠంగా ఏడు పని దినాల్లో చేతికి రావాలి. వాళ్ళ తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు రూ.5,000 పరిహారం. నగ తీసుకునేటప్పుడు సర్టిఫికెట్ మీది బరువుతో సరిపోల్చి, అదే కాటా మీద తూచి, కొక్కేలూ చిల్లులూ చూసుకున్న తర్వాతే రసీదు మీద సంతకం పెట్టాలి. సంతకం అయ్యాక బరువు తేడా గురించి మాట్లాడితే వినేవాళ్ళు ఉండరు.